సమస్య: ‘స్టార్టు నొక్కినపుడు సద్దుమణగె’

నిర్వాహకుడు: ఈ వారం పాదం ఇదే. దీన్ని నాలుగో పాదంగా ఉంచి, పై మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూరించండి. నిన్న రాత్రి తట్టింది, ఎలా తట్టిందో ఇప్పుడు చెప్పను. ‘మొదలు’ అన్న ఒక్క అర్థం దగ్గరే ఆగిపోకండి. ఆ మాటకు లోతు ఎక్కువ.

పాతపాళీ:
పనులు ముగిసినంత పరదాను దింపంగ
మార్గమేది యనుచు మౌసు కదిపి
తెరకు నెడమ క్రింది తెరువును గనుగొని
స్టార్టు నొక్కినపుడు సద్దుమణగె

1995లో విండోస్ 95 వచ్చినప్పుడు ఆ ‘స్టార్టు’ మీట తెరకు ఎడమవైపు అడుగున ఉండేది. కంప్యూటర్ ఆపాలన్నా ముందు దాన్నే నొక్కాలి. నాకు కంప్యూటర్ నేర్పినాయన ‘ఆపడానికి స్టార్టు’ అని చెబితే నేను నమ్మలేదు. మూడుసార్లు అడిగాను.

నిర్వాహకుడు: నాకు తట్టిందీ ఇదే. మొదటి పూరణే గుట్టు బయటపెట్టేసింది.

చుక్కాని: భావం ఎదురుచూసిందే. ఛందం మాటేమిటి? ‘ఎడమ క్రింది’లో ‘క్రి’ ముందున్న ‘మ’ గురువు (బరువక్షరం) కాదా? అప్పుడు అక్కడ రావలసిన సూర్యగణం (గురులఘువుల చిన్న కూర్పు) ఎక్కడుంది?

పాతపాళీ: ‘క్రింది’ అచ్చతెలుగు మాట, విడిగా నిలిచిన మాట. ముందున్న ‘మ’ తేలికగానే, అంటే లఘువుగానే ఉంటుంది. ఈ సందేహం మీకు రావడంలో ఆశ్చర్యం లేదు. గత నెల ‘పాత ట్రకుల నాపి’ అని రాసి, ‘త’ గురువేనని పది వ్యాఖ్యలు వాదించింది మీరే కదా! సంస్కృత సమాసంలో అయితే ముందక్షరం గురువయ్యేది, ట్రకు ఏ సంస్కృత సమాసంలో ఉందని?

చుక్కాని: అది వేరే విషయం. పరభాషా పదం పలికేటప్పుడు ఒత్తు ముందుకు జరుగుతుందని అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

యతిప్రియ: ఆ పద్యం మళ్లీ తీసి చూశాను. ‘పాత ట్ర’లో ‘త’ను గురువంటే తగణం, లఘువంటే భగణం. రెండూ అక్కడ చెల్లే ఇంద్రగణాలే. పద్యం ఎటు చూసినా చెడలేదు. అంతసేపు ఇద్దరూ దేనికోసం పోట్లాడుకున్నారు? ఇక నా పూరణ:

ఉలికిపడుట యనగ నొకడు, మొదలనంగ
వేరొకండు పోరి విడువకుండ
తగవు దీర్చ ఫోను తడిమి నిఘంటువున్
స్టార్టు నొక్కినపుడు సద్దుమణగె

గండుతుమ్మెద: ఆహా! మీట కాస్తా మాటగా మారింది. ‘స్టార్టు’ అన్న పదం మీద వేలు పెట్టగానే కింద అర్థాలన్నీ వరసగా కనబడ్డాయి, ఇద్దరూ గెలిచారు. నిజంగానే ఇద్దరిదీ సరే. ఆ మాటకు పాత అర్థం ఎగిరిపడటం, దుముకటం. అదాటున ఉలికిపడటాన్ని చెప్పే ‘స్టార్టిల్’ దాని చుట్టమే. పనిని మొదలుపెట్టడం అన్న అర్థం తర్వాత చేరింది. తెలుగులోకి వచ్చినా ఆ దుముకు పోలేదు చూడండి. బండి ‘స్టార్టయింది’ అంటాం, ‘బండి మొదలయింది’ అనం. సభ మొదలవుతుంది, ఇంజను స్టార్టవుతుంది. ఆ కుదుపు ‘మొదలు’లో లేదు. ఇంగ్లీషు వాళ్లు కూడా ఇంజను విషయంలో ‘బిగిన్’ అనరు.

చుక్కాని: అర్థం బాగుంది, విభక్తి బాగాలేదు. ‘నిఘంటువున్’ అంటే ద్వితీయ. ఫోనులో నిఘంటువును తడిమాడు సరే, స్టార్టును ఎక్కడ నొక్కాడు? ‘నిఘంటువున’ అని సప్తమిగా చదువుదామంటే గణం పోతుంది.

యతిప్రియ: ఒప్పుకుంటున్నాను. ‘తడిమి కోశములోన’ అని మారుస్తున్నాను.

కొత్తబలపం: అందరికీ నమస్కారం. ఇది నా రెండో ప్రయత్నం.

పరుగు పందెమందు ప్రథముడౌ నాతండు
గుండు మ్రోగకున్న కుదురు తప్పి
ముందె కాలు దిమ్మ మోపి వడివడిగ
స్టార్టు నొక్కినపుడు సద్దుమణగె

పాతపాళీ: ఊహ గట్టిది. పరుగువీరుల కాళ్ల కింద దిమ్మలు ఉంటాయి, వాటి మీద పడిన ఒత్తిడిని యంత్రం పట్టుకుంటుంది. గుండు మోగాక సెకనులో పదోవంతుకన్నా ముందు కదిలినా తప్పే. 2010 నుంచి ఒక్క తప్పుకే బయటికి పంపుతున్నారు. 2011లో దక్షిణ కొరియాలోని డేగూ ప్రపంచ పోటీల్లో వంద మీటర్ల ఫైనల్‌లో ఉసేన్ బోల్ట్ అలాగే వెళ్లిపోవలసి వచ్చింది. మీ పద్యం చదవగానే అదే కళ్లముందు మెదిలింది. అయితే ‘కాలు దిమ్మ మోపి’ ఏమిటి? దిమ్మను మోశాడా? ‘పై’ జారిపోయింది.

కొత్తబలపం: జారింది, నిజమే. ఎలా సరిచేయాలో తెలియడం లేదండీ.

యతిప్రియ: ‘ముందె దిమ్మ మీద మోపిన కాలుతో’ అనండి. ‘ముం’, ‘మో’ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన పొత్తు) అలాగే ఉంటుంది. అప్పుడు ‘నొక్కినపుడు’ కూడా దిమ్మకే అతుకుతుంది. రెండో ప్రయత్నానికి ఇది చాలా పెద్ద అంగ.

చుక్కాని: ఇప్పుడు ఎవరూ తొక్కని దారి.

ఎర్రతోకపిట్ట యెలుగెత్తి పాడంగ
కొమ్మ వెనుక నుండి కుర్రడొకడు
తోక పట్ట వచ్చి తొట్రుపాటున జారి
స్టార్టు నొక్కినపుడు సద్దుమణగె

కొత్తబలపం: అర్థం కాలేదు. పిట్టకు స్టార్టు ఎక్కడ?

చుక్కాని: తోకే స్టార్టు! ఆ పిట్టను ఇంగ్లీషులో ‘రెడ్‌స్టార్ట్’ అంటారు. పాత ఇంగ్లీషులో ‘స్టెఓర్ట్’ అంటే తోక. ఇంగ్లండులో డెవన్ తీరాన సముద్రంలోకి తోకలా చొచ్చుకుపోయిన కొన ఉంది. దాని పేరు స్టార్ట్ పాయింట్, అదీ ఈ తోకే.

గండుతుమ్మెద: నేను రెండుసార్లు చదివి చప్పట్లు కొట్టాను. కానీ ఒక అభ్యంతరం. తోక అనే స్టార్టు, దుముకు అనే స్టార్టు ఒకే మాట కావు, రూపం మాత్రమే కలిసింది. పైగా తోక అనే అర్థంలో ఇప్పుడు విడిగా ఎవరూ వాడరు, పిట్ట పేరులోనూ ఊళ్ల పేర్లలోనూ అతుక్కుని మిగిలింది.

చుక్కాని: సమస్యాపూరణంలో శ్లేషకు ఆ మాత్రం చోటు లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది?

నిర్వాహకుడు: ఉంది. పూరణ నిలుస్తుంది.

పాతపాళీ: నిలుస్తుంది. నా పట్టు మరోచోట. మూడో పాదంలో ‘తోక’ అని, నాలుగో పాదంలో మళ్లీ తోకే అన్నారు. అంత కష్టపడి తవ్వి తెచ్చిన అర్థాన్ని మీరే ఒక పాదం ముందు చెప్పేశారు. ‘దొంగ వోలె వచ్చి తొట్రుపాటున జారి’ అంటే? ‘దొం’, ‘తొ’ యతి కుదురుతుంది. మొదటి పాదంలో పిట్ట పేరు ఉంది కాబట్టి చదివేవారికి ఆధారమూ దొరుకుతుంది.

చుక్కాని: తీసుకున్నాను. ‘దొంగ వోలె’ నాకు తట్టి ఉండాల్సింది.

పాతపాళీ: తోక నాకు తట్టి ఉండాల్సింది.