మోటారు లేకుండా పాత బావి నుంచి తాగునీరు: ఏ పంపు మేలు?

ప్రశ్న (పలమనేరు దగ్గరి పల్లె నుంచి):
మా వీధికంతటికీ ఒకే బోరు ఆధారం. కరెంటు పోయినా, మోటారు కాలినా ట్యాంకరు కోసం ఎదురుచూడవలసిందే. మా ఇంటి వెనుక తాతల నాటి రాతికట్టు బావి ఉంది. ఎండాకాలంలో కూడా 35 అడుగుల లోతులో నీళ్ళు నిలుస్తాయి. చేదతో తోడే ఓపిక పెద్దవాళ్ళకు లేదు. కాలితో తొక్కే పంపు చవక అంటున్నారు. దాన్ని బిగించి, ఆ నీటిని తాగవచ్చునా?

జవాబు (చిత్తూరు, బోరింగుల మరమ్మతు పని):
కాలి పంపు మీ బావికి పనికిరాదండీ. అది పైనుంచి నీటిని పీల్చే రకం. పీల్చడమంటే నిజానికి బయటి గాలి ఒత్తిడే నీటిని గొట్టంలోకి నెట్టడం కాబట్టి, ఆచరణలో సుమారు 7 మీటర్లకు, అంటే 23 అడుగులకు మించి నీరు ఎక్కదు. ఏటిలో చెలమ దగ్గరైతే అంతకన్నా మంచి పంపు లేదు. మన ఊళ్ళ బోరింగు, అంటే 1970లలో యూనిసెఫ్ తోడ్పాటుతో మన దేశంలోనే తయారైన ఇండియా మార్క్ టూ, సిలిండరును నీటిలోనే ఉంచి కింది నుంచి ఎత్తుతుంది గనుక సుమారు 45 మీటర్ల దాకా పనిచేస్తుంది. అయితే లోపలి వాసర్లు అరిగితే గొట్టాలన్నీ పైకి లాగాలి. మీకు తాడు పంపు చాలు: ప్లాస్టిక్ గొట్టంలోంచి పైకి వచ్చే తాడుకు వరుసగా రబ్బరు బిళ్ళలు కట్టి, పైన చక్రం తిప్పితే, బిళ్ళల మధ్య చిక్కిన నీరు తాడుతోపాటు పైకి వస్తుంది. మధ్య అమెరికాలోని నికరాగువా దేశపు పల్లెల్లో ఇది విరివిగా వాడుకలో ఉంది. తాడు తెగితే ఇంటివాళ్ళే మార్చుకోవచ్చు.

జవాబు (తిరుపతి, రసాయనశాస్త్రం బోధిస్తాను):
పై సలహా సరైనదే, కాని పంపు నీటిని ఎత్తుతుందే తప్ప శుద్ధి చేయదు. బావికి మూత వేయించి, చుట్టూ సిమెంటు గచ్చు, వాడిన నీరు దూరంగా పోయే కాలువ కట్టించండి. తేటగా ఉన్న నీటిని రంగులేని ప్లాస్టిక్ సీసాల్లో పోసి 6 గంటలు, మబ్బు పట్టినప్పుడు 2 రోజులు ఎండలో ఉంచితే క్రిములు చాలావరకు చస్తాయి. బురద నీటికి ఈ పద్ధతి పనిచేయదు. అన్నిటికన్నా ముందు ఫ్లోరైడు పరీక్ష చేయించండి. మనది గ్రానైటు నేల, ఆ రాతిలోంచి ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది; అది మితిమీరితే పళ్ళు, ఎముకలు చెడతాయి. అది లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకపోవడం మేలు, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతి. ఎండ గాని, ఇసుక ఫిల్టరు గాని ఫ్లోరైడును తీయవు. మరిగిస్తే నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. బావికి పది గజాల్లో మరుగుదొడ్డి గుంత ఉంది. అది అడ్డమా?

జవాబు (తిరుపతి):
అడ్డమే. రాతి పగుళ్ళలో నీరు ఇసుకలో లాగా వడపోత కాకుండా త్వరగా పారుతుంది. గుంతను దూరంగా, బావికి పల్లంలోకి మార్చేదాకా ఆ నీటిని స్నానానికి, పశువులకు మాత్రమే వాడండి. మార్చాక కూడా నీటిని మళ్ళీ పరీక్షకు పంపి, క్రిములు లేవని తేలాకే తాగడం మొదలుపెట్టండి.