అప్‌డేట్: 'వోలటైల్' సంగతి తేలింది

షేర్ మార్కెట్ పడి లేస్తుంటే 'వోలటైల్' అంటారు, కరెంటు పోతే డేటా పోయే కంప్యూటర్ మెమరీ ర్యామ్‌నీ అదే మాటతో పిలుస్తారు, రెంటికీ ఏమిటి సంబంధం అని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. వాటిని పట్టుకుని డిక్షనరీలు తిరగేస్తే తేలింది ఇది.

మూలం లాటిన్ 'వొలారె', అంటే ఎగరడం. మధ్యయుగపు ఇంగ్లీషులో 'వోలటైల్' ఏకంగా పక్షులకే పేరు! తర్వాత మూత తీస్తే ఆవిరైపోయే పదార్థాలకు అంటుకుంది. స్పృహ తప్పినవాళ్ల ముక్కు దగ్గర పెట్టే ఘాటైన అమ్మోనియా లవణాన్ని 'సాల్ వోలటైల్' అన్నది అందుకే. 17వ శతాబ్దంలో నిలకడలేని మనుషుల మీదికి మళ్లింది. ధరలు, ర్యామ్ బాగా ఆలస్యంగా వచ్చి చేరాయి.

నాకు మాత్రం ప్రోగ్రాములు రాసే సీ లాంగ్వేజ్‌లో వాడకం భలే నచ్చింది. వేరియబుల్ (ప్రోగ్రాములో ఒక విలువకి పెట్టుకునే పేరు) ముందు వోలటైల్ అని పెడితే, "దీని విలువ చెప్పాపెట్టకుండా మారొచ్చు, పాతది గుర్తుపెట్టుకోకుండా ప్రతిసారీ మెమరీలోంచి కొత్తగా చదువు" అని కంపైలర్‌కి, అంటే మనం రాసిన ప్రోగ్రామును మెషీన్ భాషలోకి మార్చేదానికి, చెప్పినట్టు. మా మేనేజర్ మూడ్‌కీ ఇదే రూలు.

అన్నట్టు, వాలీబాల్‌లో 'వాలీ' కూడా ఈ ఎగిరే కుటుంబమే, ఫ్రెంచి మీదుగా వచ్చింది.