నల్లమట్టి పోయిన మిట్టను ఇంకా ‘క్లారియన్’ అనొచ్చా?

ప్రెయిరీపిల్లోడు
పెద్దలూ, ఒక తగువు తీర్చాలి. నేను అయోవాలో, ఏమ్స్‌లో మట్టిశాస్త్రం చదువుతున్నా. మొన్న శనివారం స్టోరీ కౌంటీలో ఒక మొక్కజొన్న చేలో పంట తీశాక నమూనాలకు వెళ్లాం. ప్రభుత్వ మట్టి పటంలో ఆ చెక్క పేరు 138సీ2. అంటే క్లారియన్ అనే నేలరకం, లోమ్ మట్టి (ఇసుక, ఒండ్రు, బంక కలిసినది), 6 నుంచి 10 శాతం వాలు, ఓ మోస్తరుగా మట్టి కొట్టుకుపోయినది.

కంచె పక్కన ఎన్నడూ దున్నని గడ్డి అంచు ఉంది. అక్కడ ప్రోబ్ (మట్టి తీసే గొట్టం) దింపితే 38 సెం.మీ. దాకా నలుపే. తడిపిన కాఫీపొడిలా ఉంది, వేళ్ల మధ్య నలిపితే పలుకులు పలుకులుగా విడిపోతోంది. మన్సెల్ రంగుల పుస్తకంలో 10వైఆర్ 2/1. గీతకు ముందు అంకె వాల్యూ, తగ్గేకొద్దీ నలుపు; తర్వాతది క్రోమా, అంటే రంగు గాఢత. అక్కడినుంచి అరవై అడుగులు నడిచి మిట్ట నెత్తిన దింపితే, దున్నిన 20 సెం.మీ. అంతా గోధుమరంగు. తడిగా ఉండగానే 4/3. కింద గులకరాళ్లు. 45 సెం.మీ. దగ్గర యాసిడ్ చుక్క వేస్తే గోలీసోడా కొట్టినట్టు బుస్సుమని పొంగింది, అంటే అక్కడ సున్నం ఉంది.

క్లారియన్ మాలిసాల్ అనే నల్లనేలల వర్గంలోది. ఈ నేల మాలిసాల్ కావాలంటే ‘మాలిక్’ అనే నల్లటి పైపొర ఉండాలి. తడి రంగులో వాల్యూ, క్రోమా రెండూ 3 దాటకూడదు. సేంద్రియ కర్బనం కనీసం 0.6 శాతం, బేస్ సాచురేషన్ (మట్టి పట్టి ఉంచే కాల్షియం లాంటి క్షారాల వాటా) 50 శాతం ఉండాలి. మందం నేలను బట్టి 18 లేదా 25 సెం.మీ. మా మిట్ట రంగు దగ్గరే తప్పింది. నా జట్టుగాడు “పటంలో క్లారియన్ అని ఉంది, క్లారియనే రాయి” అంటాడు. నేను ఒప్పుకోను. మీరేమంటారు?

మన్నుతిన్నవాడు
నీ పక్షమే తమ్ముడూ. ముందు ఆ పేరు విప్పుదాం, చదివేవాళ్లందరికీ తెలియాలి కదా. క్లారియన్ పూర్తి పేరు: ఫైన్-లోమీ, మిక్స్‌డ్, సూపర్‌యాక్టివ్, మెసిక్ టిపిక్ హాప్లుడాల్స్. మన సమాసంలాగే చివరినుంచి విడదీయాలి. ‘ఆల్’ అంటే మాలిసాల్, గడ్డిమైదానపు నల్లనేల. దానిముందు ‘ఉడ్’ అంటే వానలు సరిపడా పడే తడి వాతావరణం. ‘హాప్ల్’ అంటే సాదా రకం, కింద బంకమట్టి దిగి పేరుకున్న ప్రత్యేక పొర ఏమీ లేదని. ‘మెసిక్’ నేల సగటు వేడి, 8 నుంచి 15 డిగ్రీల లోపు. ‘ఫైన్-లోమీ’ అన్నది కింది పొరల్లో బంకమట్టి 18 నుంచి 35 శాతం మధ్య ఉందని చెప్పడానికి. పైమట్టిని చేత్తో నలిపి ‘లోమ్’ అంటామే, అది వేరే లెక్క. రెండూ కలిపి గందరగోళపడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు, ఒకప్పుడు నేనూ ఉన్నా.

ఇక అసలు సంగతి. 1938 నాటి అమెరికా వర్గీకరణలో వీటిని నేరుగా ‘ప్రెయిరీ నేలలు’ అనేవారు, తర్వాత బ్రూనిజెమ్ అన్నారు. ఆ పేరులోనే ఒక ఊహ ఉంది: ఇక్కడ గడ్డి పెరిగింది, అందుకే ఇలా అయింది. మట్టిశాస్త్రవేత్త గై స్మిత్ బృందం 1960లో ‘ఏడో ముసాయిదా’ తెచ్చి, 1975కల్లా సాయిల్ టాక్సానమీ అనే నేలల వర్గీకరణ గ్రంథంగా అచ్చువేసింది. వాళ్లు చేసిన పెద్ద పని ఏమిటంటే, పుట్టుక కథను పక్కన పెట్టి టేపు, రంగుల పుస్తకం, ల్యాబు చెప్పింది నమ్మమనడం. గుంతలో మాలిక్ లేకపోతే మాలిసాల్ కాదు. నీ మిట్ట యూట్రుడెప్ట్, అంటే ఇన్సెప్టిసాల్, పొరలు ఇంకా పూర్తిగా తయారవని లేతనేల. మీ డెమోయిన్ లోబ్ (పాత మంచుపలక కప్పిన ప్రాంతం) మీద వాలుల్లో స్టార్డెన్ అనే సిరీస్, అంటే క్లారియన్‌లాంటి పేరున్న నేలరకం, ఇప్పటికే అదే గూట్లో ఉంది. దాని పక్కన చేర్చు.

పాతకాపు
మన్నుతిన్నవాడు గారూ, సగమే చెప్పారు. అదే సాయిల్ టాక్సానమీ మొదటి అధ్యాయాల్లో ఇంకో కోరిక కూడా రాసుకుంది: దున్నని నేలనీ, దున్నాక మారిన దాని జోడునీ వీలైనంతవరకు ఒకే గూట్లో ఉంచాలని. పై 18 సెం.మీ. కలిపి చూడమనే నిబంధన అందుకే పెట్టారు, నాగలి ఒకసారి తిరగేస్తే పేరు మారిపోకుండా.

నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లు మట్టి సర్వే చేసి రిటైరైనవాణ్ని. సర్వేలో సిరీస్ అంటే ఒక్క గుంత కాదు నాయనా. క్లారియన్ అన్నప్పుడు ఒక నేలతీరు మొత్తం లెక్క: మిట్టమీద క్లారియన్, నడుమ నికొలెట్, పల్లంలో నీళ్లు నిలిచేచోట వెబ్‌స్టర్. అయోవా పిల్లలకు ఈ మూడు పేర్లు కలిపి ఒకే మాటలా నోటికొస్తాయి. వర్గానికి కొంచెం తేడా పడ్డ నేలకు ‘టాక్సాడ్జంక్ట్’ అనే వెసులుబాటు ఉంది. అంటే పేరు ఉంచి, తేడాను నమోదు చేయడం. 138సీ2లో చివరి ‘2’ చూడు. అది మట్టి కొట్టుకుపోయిందనే చెబుతోంది. పటం అబద్ధం ఆడలేదు. కంచెవైపు తల్లి, మిట్టవైపు బిడ్డ. ఒంట్లో నెత్తురు తగ్గిందని ఇంటిపేరు మారుస్తామా?

మన్నుతిన్నవాడు
బాబాయ్, ఇంటిపేరు పోలిక బాగుంది కానీ ఇక్కడ పనికిరాదు. ఇంటిపేరు మార్చకపోతే డాక్టరు మందు మార్చడు.

రేగడిరైతు
ప్రకాశం జిల్లా నుంచి. నాకు మీ అంకెలు సగమే అర్థమయ్యాయి కానీ ఒక మాట. మా నల్లరేగడి ఈ క్లారియన్ కంటే నల్లగా ఉంటుంది. భూసార పరీక్ష చేయిస్తే కర్బనం ఒక శాతం కూడా రాదు. అదీ నల్లనేలే, ఇదీ నల్లనేలే. రంగు చూసి గొప్ప కులం, తక్కువ కులం అని విడదీయడం దేనికి? నాకు తెలిసి మట్టికి రెండే పరీక్షలు. వాన పడితే ఎంత తాగుతుంది, ఎండితే ఎంత ఇస్తుంది.

ప్రెయిరీపిల్లోడు
అన్నా, మీ రేగడి మాలిసాల్ దాకా రానే రాదు. ఆర్డర్లు, అంటే నేలల పెద్ద వర్గాలు, నిర్ణయించే పట్టికలో వెర్టిసాల్ (నెర్రెలిచ్చే బంకనేల) ప్రశ్న ముందొస్తుంది. ఎండాకాలం చెయ్యిపట్టేంత నెర్రెలు తీసి, లోపల పొరలు ఒకదానిమీద ఒకటి జారి నున్నగా మెరిస్తే అక్కడే ఆగిపోతాం, నలుపు సంగతి అడగం. మీ నలుపు ఎక్కువగా బంకమట్టికి అంటుకున్న కొద్దిపాటి జీవపదార్థం వల్ల. ఇక్కడి నలుపు వేల ఏళ్లు గడ్డివేళ్లు చచ్చి, మళ్లీ పుట్టి, మళ్లీ చచ్చి దాచుకున్నది. పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలంలో రేగడి, ఎర్ర చెల్క రెండూ ఒకే ఆవరణలో ఉంటాయి. అక్కడికి వెళ్లినప్పుడు తెలిసింది, రంగు ఒక్కటీ చూసి తేల్చడం ఎంత తప్పో.

అందుకే నా బాధ ఇంకోలా ఉంది. ఇక్కడ రంగు ఉత్త రంగు కాదు, డబ్బా అడుగున మిగిలిన బియ్యం గీత లాంటిది.

రేగడిరైతు
ఈ మాట బాగుంది తమ్ముడూ. గీత కిందికి దిగిందని చెప్పు, ఒప్పుకుంటా. డబ్బా పేరు మార్చమంటేనే నాకు ఎక్కట్లేదు.

డెమోయిన్_దీప
మీరంతా పేరు పేరు అంటున్నారు, నేను డబ్బు సంగతి చెప్తా. మేం పదేళ్ల కిందట సిటిజన్‌షిప్ వచ్చాక డెమోయిన్‌కు ఉత్తరాన 40 ఎకరాలు కొన్నాం. ఇక్కడ పొలం బేరంలో మొదటి ప్రశ్న: “సీఎస్‌ఆర్2 ఎంత?” మొక్కజొన్నకు నేల ఎంత అనువో చెప్పే మార్కు, 100కి. 1971లో మొదలైన పాత లెక్కను 2013లో మార్చారు. కౌలు దీన్నిబట్టే, భూమిపన్ను లెక్కలోనూ ఇదే. ఏజెంటు మాకు కాగితం ఇచ్చి “అక్కా, మంచి క్లారియన్” అన్నాడు. కౌలుదారు మాత్రం ఆ మిట్టమీద దిగుబడి మానిటర్ ఎప్పుడూ ఎర్రగానే, అంటే తక్కువగానే, చూపిస్తుందని మొదటి ఏడాదే చెప్పాడు. కొన్నాక.

కాబట్టి పాతకాపు బాబాయ్ గారూ, ఇంటిపేరు ఉంచుకోండి, అభ్యంతరం లేదు. కానీ ఆ ఇంటిపేరు చూసే కదా మేం కట్నం ఇచ్చింది!

మన్నుతిన్నవాడు
దీప గారు అసలు మర్మం పట్టేశారు. సీఎస్‌ఆర్2 సూత్రంలో మొదటి అక్షరం ‘ఎస్’. అది సిరీస్ ఏ ఉపవర్గంలో ఉందో దానికి ఇచ్చే మూల మార్కు. టిపిక్ హాప్లుడాల్ అనగానే ఎత్తులో మొదలవుతుంది. తర్వాత రేణువుల తీరు, నీటిని పట్టే శక్తి, పొలం పరిస్థితి, లోతు వరుసగా తీసేస్తూ పోతారు. చివర నిపుణుల అంచనా మేరకు కొంత సర్దుబాటు. అంటే మాలిసాల్ అన్న బిరుదుకే నేరుగా మార్కులున్నాయి. ఇప్పుడు చెప్పండి, పేరులో ఏముంది అని.

పాతకాపు
సూత్రం మొత్తం చెప్పండి స్వామీ, మధ్యలో ఆపొద్దు. మీరన్న ‘పొలం పరిస్థితి’లో వాలు, మట్టి కొట్టుకుపోయిన స్థాయి కూడా ఉన్నాయి. 138సీ2కి అక్కడ మార్కులు పోతాయి. మళ్లీ ఆర్డర్ కూడా మారిస్తే ఒకే నేరానికి రెండు శిక్షలు. దీపమ్మ పొలంలో తప్పు వర్గీకరణది కాదు. మిట్ట, పల్లం కలిపి ఒకే సగటు చెప్పి అమ్మినవాడిది. పటంలో ఒక్కో ముక్కలోనూ వేరే నేలలు కలిసి ఉంటాయని సర్వే పుస్తకమే చెబుతుంది, ఎవరూ ఆ పేజీ తిప్పరు.

డెమోయిన్_దీప
నేనూ తిప్పలేదు బాబాయ్ గారూ. ఒప్పుకుంటున్నా.

ప్రెయిరీపిల్లోడు
ఇంకో కోణం. ఇది ఒక్క మిట్ట గొడవైతే పాతకాపు గారి మాటే సరి. కానీ 2021లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం (ఆమ్హర్స్ట్) నుంచి థేలర్, లార్సెన్, యూ ఒక వ్యాసం వేశారు. ఉపగ్రహ చిత్రాల్లో దున్నిన నేల రంగు, పైనుంచి కొలిచిన వాలు వంపులు కలిపి చూసి, కార్న్‌బెల్ట్ (అమెరికా మొక్కజొన్న ప్రాంతం) సాగుభూమిలో సుమారు 35 శాతంలో నల్లని ‘ఏ’ పొర, అంటే పైమట్టి, పూర్తిగా పోయిందన్నారు. మరుసటేడు అదే బృందం 20 ప్రెయిరీ మిగుళ్ల అంచుల్లో కొలిచింది. దున్నని గడ్డినేల గట్టులా పైకి, పక్క చేను కిందికి. మధ్యస్థ తేడా 37 సెం.మీ. ఏడాదికి మధ్యస్థంగా 1.8 మి.మీ. చొప్పున పోయినట్టు లెక్క. ఎకరాకు ఏటా 5 టన్నుల దాకా పోయినా ఫరవాలేదని ప్రభుత్వం పెట్టిన హద్దు మిల్లీమీటరు కూడా కాదు.

మూడో వంతు నేల తన నిర్వచనాన్నే కోల్పోతే, టాక్సాడ్జంక్ట్ అని ఎన్ని మిట్టలకు చీటీలు అంటిస్తాం?

పాతకాపు
ఆ 35 శాతం మీద నాకు రెండు అనుమానాలు. ఒకటి, కొలిచింది కొన్ని చోట్ల, చాచింది కార్న్‌బెల్ట్ అంతటికీ. రెండు, మిట్ట నెత్తిన నల్లపొర దున్నకముందు కూడా పలచనే. మట్టిశాస్త్రవేత్త హాన్స్ జెన్నీ 1941లో నేలను చేసే అయిదు శక్తులు చెప్పాడు: వాతావరణం, జీవం, ఎత్తుపల్లాలు, మూలపదార్థం, కాలం. ఎత్తుపల్లం ఊరికే చేర్చలేదు. నీ కంచె దగ్గర 38 ఉందంటే మిట్టమీదా 38 ఉండేదని ఎలా చెబుతావు? కంచె వాలు అడుగున ఉంటే, పైనుంచి జారిన మట్టి కూడా అక్కడే చేరుతుంది.

ప్రెయిరీపిల్లోడు
…కంచె వాలు నడుమన ఉంది. కానీ మీరన్నది నిజమే, మిట్టకు మిట్టే సాక్షి కావాలి. ఇది నాకు తట్టలేదు.

మన్నుతిన్నవాడు
తట్టినా గెలుపు బాబాయ్‌ది కాదు. డెమోయిన్ లోబ్ మంచుపలక 14,000 ఏళ్ల క్రితం ఇప్పటి డెమోయిన్ ఊరిదాకా వచ్చి ఆగింది. అది తోసుకొచ్చి వదిలేసిన సున్నపు గులకమన్నే క్లారియన్‌కు మూలం. నేల అంత పిన్నవయసుది కాబట్టే బంకమట్టి కిందికి దిగి పేరుకోలేదు, కాబట్టే అది ‘హాప్ల్’. అదే తూర్పున గాలి మోసుకొచ్చిన లోయెస్ మీద టామా నేల ఆర్గియుడాల్ అయింది, అంటే కింద బంకమట్టి పేరుకున్న పొర ఉన్న మాలిసాల్. మిట్టమీద పలచన అనుకుందాం. సున్నం 45 సెం.మీ. దగ్గరే బుస్సుమందంటే పైన చాలానే పోయిందని అర్థం. అందులోనూ అంతా వానే కొట్టుకుపోలేదు. నాగలి ఏటా మిట్టనుంచి కొంచెం కొంచెం కిందికి ఈడుస్తుంది. పల్లంలో వెబ్‌స్టర్ మీద ఇప్పుడు నల్లమట్టి మోకాలిలోతు దాటి ఉంటే, అందులో కొంత నీ మిట్టదే.

రేగడిరైతు
మా దగ్గరా అంతే. పై మడి వాడు దున్నుతాడు, కింది మడి వాడు బాగుపడతాడు. చెరువు మట్టి తోలుకొచ్చి మళ్లీ పైన పోస్తాం. అక్కడ పల్లం మట్టి ఎత్తి మిట్టమీద పోయరా?

డెమోయిన్_దీప
పోస్తారన్నా, మా కౌలుదారు స్నేహితుడు ఒకాయన చేశాడట. డీజిల్ ఖర్చు విని మావారు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మేం ఇంకోటి ఆలోచిస్తున్నాం, వాలుకు అడ్డంగా ప్రెయిరీ గడ్డి పట్టీలు. 2007 నుంచి నీల్ స్మిత్ అభయారణ్యంలో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ప్రయోగంలో పొలంలో 10 శాతం గడ్డికి వదిలితే కొట్టుకుపోయే మట్టి 95 శాతం దాకా తగ్గింది. పేరు సంగతి మీరు తేల్చుకోండి, ఉన్నది నిలిస్తే నాకు చాలు.

పాతకాపు
పిల్లోడా, నీ నమూనా కాగితం మీద ఇలా రాయి. పటం పేరు: క్లారియన్, 138సీ2. గుంతలో కనిపించింది: యూట్రుడెప్ట్. రెండు గడులూ నింపు. ఒకటి చెరిపి ఇంకోటి రాస్తే మాత్రం మార్కులు కోసేవాణ్ని.

మన్నుతిన్నవాడు
రెండు గడులకు నేనూ సరే. నా అభ్యంతరం ఒక్కటే. సీఎస్‌ఆర్2 లెక్కకట్టేవాడు చదివేది మొదటి గడినే.

ప్రెయిరీపిల్లోడు
దీపక్కా, వచ్చే శనివారం మీ మిట్టమీద దింపుతాను, మీరు సరేనంటే. పొకహాంటస్ కౌంటీలో కాల్సో ప్రెయిరీ ఉంది, 160 ఎకరాలు, అదే లోబ్, దున్నని నేల. తవ్వడానికి అనుమతి దొరికితే అక్కడ మిట్ట నెత్తిన కూడా చూస్తా. మిట్టకు మిట్ట సాక్షి.

డెమోయిన్_దీప
రా తమ్ముడూ. కౌలుదారుకు ఒక మాట చెప్తా. యాసిడ్ సీసా నువ్వే తెచ్చుకో, పోయినసారి వచ్చినవాళ్లది కారు సీటు మీద ఒలికింది. భోజనం మా ఇంట్లోనే, గోంగూర ఉంది.