ఇన్సూరెన్స్ లేదు, షుగర్ ఉంది: అమెరికాలో తక్కువ ఖర్చుతో డాక్టర్‌కి ఎక్కడ చూపించుకోవాలి?

ప్రశ్న: మా అక్కావాళ్లు డాలస్ దగ్గర ఉంటారు, గ్రీన్ కార్డ్ ఉంది. అక్క గ్యాస్ స్టేషన్‌లో గంటల లెక్కన పని చేస్తుంది, ఇన్సూరెన్స్ లేదు. ఇండియా నుంచి తెప్పించుకున్న షుగర్ మాత్రలు వేసుకుంటోంది, బిల్లు ఎంతొస్తుందోనని రక్తపరీక్షకి కూడా వెళ్లడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది, ఏదైనా దారి ఉందా?

జవాబు 1: ఉందండీ. కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే. 1965లో బోస్టన్‌లో మొదలైన పద్ధతి ఇది, ఫెడరల్ నిధులతో నడుస్తాయి కాబట్టి డబ్బు కట్టలేరని ఎవర్నీ వెనక్కి పంపకూడదు. ఆదాయం, ఇంట్లో ఎంతమంది అన్నది చూసి ఫీజు వేస్తారు: పేదరిక రేఖ లోపల ఉంటే నామమాత్రం, దానికి రెండింతల వరకు కొంత తగ్గింపు, ఆపైన ఉండదు. ఈ సెంటర్లకి నిధులిచ్చే ఫెడరల్ సంస్థ హెచ్‌ఆర్‌ఎస్‌ఏ (HRSA) సైట్‌లో జిప్ కోడ్ కొట్టి వెతకండి.

జవాబు 2: ఫోన్ చేసినప్పుడే స్లైడింగ్ ఫీ, అంటే ఆదాయాన్ని బట్టి తగ్గే ఫీజు, కావాలని చెప్పమనండి. పే స్టబ్స్ (జీతం స్లిప్పులు), ట్యాక్స్ రిటర్న్, అడ్రస్ ప్రూఫ్ పట్టుకెళ్లాలి. మందుల సంగతి కూడా అడగండి, ఇలాంటి సెంటర్లకి మందుల కంపెనీలు తక్కువ ధరకి అమ్మేలా చేసే 340బి అనే ఫెడరల్ పథకం వల్ల చాలాచోట్ల చవగ్గా ఇస్తారు. బయట స్పెషలిస్టు దగ్గరికి పంపితే మాత్రం ఆ బిల్లు వేరు, ముందే కనుక్కోవాలి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. అక్కకి ఇంగ్లీష్ అంతగా రాదు, ఎలా?

జవాబు 1: తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అపాయింట్‌మెంట్ అప్పుడే అడగమనండి, ఫోన్‌లో కలుపుతారు, దానికి డబ్బు తీసుకోరు. ఈ వారమే పంపించండి, షుగర్‌ని ఇలా వదిలేయకండి.