తల్లిదండ్రులూ పిల్లలూ ఒకే కరాటే తరగతిలో: మీ అనుభవాలు తెలియజేయగలరు

అయ్యకోనేరు గట్టు (విజయనగరం):

మా పిల్లలిద్దరూ దాసన్నపేట వైపు ఒక కరాటే తరగతికి వెళ్తున్నారు. అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి నాలుగో తరగతి. వాళ్ళను దింపి, తరగతి ముగిసేవరకూ ఎదుటి అరుగు మీద కూర్చుని ఫోను చూసుకునే తల్లిదండ్రుల గుంపులో మేమూ ఉన్నాం. పెద్దలు కూడా చేరవచ్చునని, అయితే వారికి విడిగా వేళ కేటాయించడం కుదరదు గనుక పిల్లలతోపాటే నిలబడాలని మాస్టారు ఈ మధ్య చెప్పారు. మావారు ఉత్సాహంగానే ఉన్నారు. నాకు మాత్రం రెండు సందేహాలున్నాయి. పిల్లలు గ్రీన్ బెల్టులో ఉండగా మేము వైట్ బెల్టుతో మొదలుపెడితే ఇంట్లో మా మాట చెల్లుతుందా అన్నది మొదటిది. అమ్మాయికి ఇంటికీ బడికీ బయట తనదంటూ ఉన్న ఒక్క చోటులోకి మేము కూడా చొరబడుతున్నామేమో అన్నది రెండోది. ఇలా కుటుంబమంతా ఒకేచోట నేర్చుకుంటున్నవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

నేను మా అమ్మాయితో కలిసి షోటోకాన్ అనే కరాటే పద్ధతి నేర్చుకుంటున్నాను. తరగతి ప్రారంభంలో పై బెల్టువారు కుడి కొసన, కొత్తవారు ఎడమ కొసన వచ్చేలా వరుసగా నిలబెడతారు కాబట్టి మా అమ్మాయి ఆ చివర, నేను ఈ చివర ఒకటో తరగతి పిల్లల పక్కన ఉంటాను. తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని మొదట్లో సిగ్గుపడ్డాను గానీ అది ఎన్నాళ్ళో నిలవలేదు, ఎందుకంటే చెమటలు కారుతున్నప్పుడు పక్కన ఎవరున్నారో చూసుకునే తీరిక ఉండదు.

మీ మొదటి సందేహం గురించి నేను గమనించినది చెబుతాను. ఇంట్లోనూ బడిలోనూ ట్యూషన్‌లోనూ ఎప్పుడూ చెప్పించుకునే వైపే ఉండే పిల్లలకు, తల్లికో తండ్రికో తాము చెప్పగలిగిన విషయం ఒకటి దొరికితే అణకువ తగ్గదు సరికదా, నేర్పడంలో ఎంత ఓపిక కావాలో వారికి తెలిసివస్తుంది. కటా అంటే ఎదురుగా ఎవరూ లేకుండా వరుసగా చేసే కదలికల కూర్పు. హెయాన్ షోదాన్ అనే కటాలో ఉన్నవి 21 కదలికలే. మా అమ్మాయి వాటిని ఆడుతూ పాడుతూ పట్టేసింది, నేను ఇప్పటికీ మలుపు దగ్గర ఏ కాలు జరపాలో తడుముకుంటాను. మేము పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే: నేను అడిగితే తప్ప ఇంట్లో ఆమె నన్ను దిద్దదు, తరగతిలో ఆమె తప్పు చేసినా నేను నోరు విప్పను. రెండోదే కష్టం. తన పిల్ల భుజం ఎత్తేసి పంచ్ కొడుతుంటే చూస్తూ ఊరుకోవడం ఏ తండ్రికైనా పరీక్షే.

బొబ్బిలి మాస్టారు:

నేను చాలా ఏళ్ళుగా కరాటే నేర్పుతున్నాను, నా తరగతిలో తండ్రీకొడుకులు, తల్లీకూతుళ్ళు, ఒక తోటికోడళ్ళ జంట కూడా ఉన్నారు. నా కొడుకు సైతం అక్కడే నేర్చుకున్నాడు, గడప దాటి లోపలికి వచ్చాక నన్ను మాస్టారనే పిలిచేవాడు. నేర్పేవారి పిల్లలకు అందరికంటే ఎక్కువ చీవాట్లు పడతాయన్నది ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసిన సంగతే, వాడూ దానికి మినహాయింపు కాలేదు.

జతలు కట్టించడం దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. ఎనిమిదేళ్ళ పిల్లవాడు తన ఎత్తుకు తగినట్టు కడుపు మట్టానికి పంచ్ కొడితే అది నిలువెత్తు మనిషికి బెల్టు కింద, తగలరాని చోట తగులుతుంది. అదే పెద్దవారు తమ కడుపు మట్టానికి కొడితే పిల్లవాడి మొహానికి వస్తుంది. పైగా చేతుల పొడవులో అంత తేడా ఉన్నప్పుడు ఎంత దూరంలో నిలబడాలన్న అంచనా ఇద్దరికీ చెడిపోతుంది. కాబట్టి ఎక్కడ కొట్టబోతున్నదీ ముందే చెప్పి ఒక్క దెబ్బ మాత్రమే వేసే ఇప్పన్ కుమితేలో (కుమితే అంటే ఎదురెదురుగా నిలబడి చేసే పోరు సాధన), అదీ అప్పుడప్పుడు, తల్లిదండ్రులను పిల్లలతో నిలబెడతాను. స్వేచ్ఛగా ఆడే కుమితేలో మాత్రం వయసూ బరువూ సరితూగేవారినే ఎదురెదురుగా ఉంచుతాను, రక్తసంబంధీకులను అసలు ఉంచను. సొంత తండ్రిని కొట్టడానికి చెయ్యి రాని పిల్లలూ ఉంటారు, ఇంట్లో కోపమంతా అక్కడే తీర్చుకోబోయే పిల్లలూ ఉంటారు. ఏ తరగతిలోనైనా చేరేముందు ఈ విషయంలో వారి పద్ధతి ఏమిటో అడగండి. జవాబు సూటిగా రాకపోతే ఆలోచించుకోవలసిందే.

నలభై దాటినవారికి మరో మాట. పిల్లలు పరుగున వచ్చి నేరుగా కాలు ఎత్తేస్తారు, మీరు అలా చేయకూడదు. తుంటి, మోకాలు, మడమ వెనుక నరం వేడెక్కడానికి పెద్దలకు ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి వీలైతే కాస్త ముందుగానే వచ్చి ఒళ్ళు వదులు చేసుకోండి. మన ఊళ్ళలో తరగతులు ఎక్కువగా బడి వరండాలోనో కల్యాణమండపంలోనో మేడ మీదో సిమెంటు గచ్చు మీద జరుగుతాయి, దాని మీద మోకాళ్ళు మడిచి కూర్చునేటప్పుడు కింద మడత పెట్టిన తువ్వాలు వేసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. రక్తపోటుకు మందులు వాడుతున్నవారు డాక్టరును అడిగాకే చేరాలి.

బెల్టు గురించి మరీ దిగులు పెట్టుకోనక్కరలేదు. ఈ అంచెలు కరాటేకు పుట్టుకతో వచ్చినవి కావు. జూడోను రూపొందించిన కానో జిగోరో 1880లలో తన శిష్యులకు దాన్ అనే స్థాయిలను (ఇప్పటి బ్లాక్ బెల్టు అంచెలు) ఇవ్వడం మొదలుపెట్టారు, దాన్ని చూసి కరాటే గురువు గిచిన్ ఫునకోషి 1924లో కరాటేకు తెచ్చారు. అంతకుముందు కరాటే పుట్టిన ఒకినావాలో బెల్టు రంగులేవీ లేకుండానే తరతరాలు నేర్చుకున్నారు.

గరిడీ ఇంటివాడు (గజపతినగరం దగ్గర):

మీరంతా కరాటే గురించి మాట్లాడుతున్నారు, నేను సాముగరిడీ గురించి చెబుతాను. మా ఇంట్లో తాతగారు, నాన్నగారు, చిన్నాన్నలు అందరూ కర్ర తిప్పినవారే, కాబట్టి ఇంటిల్లిపాదీ ఒకే గురువు దగ్గర నేర్చుకోవడం మాకు కొత్త కాదు. అయితే ఆ ఇంటిల్లిపాదిలో ఆడపిల్లలు లేరు. వారు అమ్మవారి పండుగ నాడు ఊరేగింపు పక్కన నిలబడి చూసేవారు, అంతే. ఇప్పుడు మా చెల్లెలి కూతురు కర్రసాము నేర్చుకుంటోంది, మా నాన్నగారే నేర్పుతున్నారు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడుగారి పేరును శ్రీకాకుళం స్టేడియానికి పెట్టుకున్న ప్రాంతం మనది. ఆమదాలవలసలో కరణం మల్లీశ్వరితోపాటు ఆమె అక్కచెల్లెళ్ళు కూడా బరువులెత్తారు, నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ నుంచి వెళ్ళిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. కాబట్టి తల్లి తెల్లదుస్తులు తొడుక్కుని కూతురి వెనుక నిలబడితే వింతగా చూసేవారు చూడనీయండి.

పొందూరు:

అందరూ చేరమనే చెబుతున్నారు కాబట్టి ఎదురు అనుభవం కూడా ఒకటి ఉండాలి. మా పెద్దవాడు ముందు చేరాడు, రెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు తర్వాత చేరి, బ్లాక్ బెల్టుకు ముందుదైన బ్రౌన్ బెల్టు దగ్గర అన్నను దాటేశాడు. పెద్దవాడు ఏమీ అనలేదు, మోకాలి నొప్పి అన్నాడు, పరీక్షలన్నాడు, క్రమంగా మానేశాడు. తల్లిదండ్రులు పిల్లల కింద నిలబడటం తేలికే, ఎందుకంటే వారికి లోకంలో వేరే నిలకడ ఉంటుంది. అన్న తమ్ముడి కింద నిలబడటం అంత తేలిక కాదు.

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్‌కు చెందిన అన్నాచెల్లెళ్ళు హిఫుమి అబే, ఉతా అబే ఒకే రోజున జూడోలో స్వర్ణాలు గెలిచినప్పుడు నేను కూడా అందరిలాగే మురిసిపోయి మా పిల్లలకు చూపించాను. 2024లో పారిస్‌లో మళ్ళీ ఒకే రోజున బరిలో దిగారు. చెల్లెలు రెండో పోటీలోనే ఓడి బిగ్గరగా ఏడ్చింది, అన్న స్వర్ణం గెలిచాడు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఏ మాట ఎలా మాట్లాడుకున్నారోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. వీలైతే తోబుట్టువులను ఒకే విడత బెల్టు పరీక్షకు పంపకండి, లేదా ఒకరిని కటా వైపు, మరొకరిని కుమితే వైపు మొగ్గనివ్వండి.

అయ్యకోనేరు గట్టు (విజయనగరం):

అందరికీ కృతజ్ఞతలు. పొందూరువారు చెప్పినది చదివాక మా అమ్మాయినే నేరుగా అడిగాను. తమ్ముడితో తనకు ఏ ఇబ్బందీ లేదట. మేము చేరవచ్చునట గానీ, తన పక్కన నిలబడకూడదట, వీడియోలు తీసి బంధువుల గ్రూపులో పెట్టకూడదట, స్నేహితురాళ్ళ ముందు తన చిన్నప్పటి ముద్దుపేరుతో పిలవకూడదట. ఒప్పుకున్నాను. ఇక ఖర్చు సంగతి. నలుగురికీ నెల ఫీజు, దుస్తులు, పరీక్ష రుసుములు కలిపితే భారం కాదా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

నెల ఫీజులో ఒకే ఇంటివారికి తగ్గించడం చాలాచోట్ల ఉంది, అడగకపోతే ఎవరూ చెప్పరు. అసలు బరువు బెల్టు పరీక్షల రుసుముల్లో ఉంటుంది, మనిషికి ఒకటి చొప్పున పడుతుంది గనుక ఏడాదికి ఎన్ని పరీక్షలో ముందే కనుక్కోండి. అందరూ ఒకేసారి రాయాలన్న నియమం లేదు, నేను ఒక విడత వదిలేసి తర్వాతి విడతలో రాశాను.

మీ అమ్మాయి గురించి ఇంకొక మాట. తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి ట్యూషన్లని, వయసు వచ్చిన పిల్ల అని ఆడపిల్లలను మాన్పించడం మా తరగతిలో చాలాసార్లు చూశాను. తల్లి కూడా నేర్చుకుంటున్న ఇళ్ళలో మాత్రం ఆ పిల్లలు నిలిచారు, ఎందుకంటే మాన్పించమని సలహా ఇచ్చే బంధువులకు జవాబు చెప్పడానికి అక్కడ తల్లి ఉంది.

బొబ్బిలి మాస్టారు:

రెండేళ్ళలో ఇంటిల్లిపాదికీ బ్లాక్ బెల్టు అని ఎవరైనా మాట ఇస్తే అక్కడినుంచి వచ్చేయండి. కొరియా యుద్ధవిద్య టైక్వాండోలో 15 ఏళ్ళ లోపు పిల్లలకు దాన్ బదులు పూమ్ అనే వేరే స్థాయి ఇస్తారు, అంటే పెద్దల బ్లాక్ బెల్టూ పిల్లలదీ ఒకటి కాదని ఆ విద్యే ఒప్పుకుంటోంది.

దుస్తులు మొదటి నెలలో కొనకండి. వదులుగా ఉండే ప్యాంటూ టీ షర్టూ చాలు. నిలకడగా వస్తామని నమ్మకం కుదిరాక కొనుక్కోండి, అదీ పలుచటి బట్టతో కుట్టినది, ఎందుకంటే మన ఉక్కపోతకు మందపు కరాటే దుస్తులు ఒక రాత్రిలో ఆరవు. సిరిమాను పండుగ రోజుల్లో ఊళ్ళో రద్దీకి మీ తరగతి కూడా సెలవే ఉంటుంది గనుక అది అయిపోయాక వచ్చే సోమవారం నుంచి మొదలుపెట్టండి.