సోలార్ కోసం ఫ్లాట్ల మీటర్ డేటా అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

గోదారిగట్టు:
మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లు, అన్నిటికీ స్మార్ట్ మీటర్లే. పైన సోలార్ పెట్టిద్దామని అసోసియేషన్ వాళ్లు ఒక కంపెనీతో మాట్లాడారు. ఆ కంపెనీకి ప్రతి ఫ్లాటు రీడింగూ అరగంటకొకటి చొప్పున ఏడాదిది కావాలట. సంతకం పెట్టమని ఫారం పంపారు. పెట్టొచ్చా?

రామ్_ట్రిపుల్ఈ:
పెట్టేయండి అన్నా. ఎన్ని యూనిట్లు కాలాయన్న లెక్కే కదా, అందులో దాచాల్సింది ఏముంది? పగలు ఎంత వాడతారో తెలియకుండా ప్లాంటు సైజు ఎలా తేలుస్తారు? ఇలా ప్రతిదానికీ భయపడితే సోలార్ ఎప్పటికీ రాదు.

మీనాక్షి_వి:
రామ్ గారూ, నెలకో అంకె అయితే నాకూ అభ్యంతరం లేదు. అరగంటకొకటి అంటే రోజుకు 48, ఏడాదికి 17 వేల పైచిలుకు. ఆ గ్రాఫు ఒకసారి చూడండి. 2 కిలోవాట్ల గీజర్ పావుగంట వేస్తే అర యూనిట్ కాలుతుంది, అక్కడ గీత టక్కున లేస్తుంది, ఇంట్లో స్నానాలు ఎన్నింటికో తెలిసిపోతుంది. సంక్రాంతికి ఊరెళ్తే ఆ నాలుగు రోజులూ ఫ్రిజ్ తప్ప ఏమీ కనబడదు, అంటే ఇంటికి తాళం ఉందని మనమే రాసిచ్చినట్టు. ఒక్క మీటర్ చూసి లోపల ఏ వస్తువు నడుస్తోందో విడదీసే పద్ధతిని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జార్జ్ హార్ట్ 1980లలోనే తయారుచేశాడు.

అమెరికాలో నేపర్‌విల్ అనే ఊళ్లో ఇదే గొడవ అప్పీలు కోర్టుకెళ్లింది. నగరపాలక సంస్థే 15 నిమిషాలకోసారి రీడింగ్ తీసుకోవడం ఇంటిని సోదా చేయడం కిందికే వస్తుందని 2018లో కోర్టు చెప్పింది, కానీ కరెంటు సరఫరా నడపడానికి అది సమంజసమేనని ఒప్పుకుంది. నాకు ఆ రెండో ముక్కే ముఖ్యం. అవసరం ఉంటే తీసుకోవచ్చు. మరి ఈ కంపెనీకి ఫ్లాటువారీ లెక్కతో ఏం పని? మేడ ఒక్కటే కదా, 40 ఫ్లాట్లదీ కలిపి గంటగంటకూ ఎంతో తెలిస్తే సైజు తేలిపోతుంది.

రామ్_ట్రిపుల్ఈ:
పేర్లు తీసేసి ఇస్తే సరిపోదా? పైగా వచ్చిన కరెంటులో ఎవరి వాటా ఎంతో పంచాలిగా.

మీనాక్షి_వి:
పంచడానికి నెల బిల్లు చాలండి. పేర్లు తీసేస్తే మాత్రం సరిపోదు. ఏ ఫ్లాటు వాళ్లు ఏ వారం ఊళ్లో లేరో వాచ్‌మన్‌కి కూడా తెలుసు, ఆ వారం ఖాళీగా ఉన్న గ్రాఫు వెతికితే అది ఎవరిదో దొరికిపోతుంది, ఇక మిగతా ఏడాదంతా వాళ్లది చదువుకోవచ్చు. అందుకే అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 15/15 అని ఒక నియమం పెట్టారు: కనీసం 15 మంది వినియోగదార్ల లెక్క కలిపి ఇవ్వాలి, అందులో ఏ ఒక్కరి వాడకమూ 15 శాతం దాటకూడదు. మీ 40 ఫ్లాట్లకు ఇది చక్కగా సరిపోతుంది.

కొత్తవలస_శ్రీను:
ఒక మాట కలుపుతా. మన 2023 డేటా రక్షణ చట్టంలో, ఒక ఫలానా పనికి ఇచ్చిన సమ్మతి ఆ పనికే, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి అని ఉంది. మీ ఫారంలో ఆ ముక్క ఉందా చూడండి అన్నా.

గోదారిగట్టు:
ఇప్పుడే తీసి చూశా. “కంపెనీ మరియు దాని భాగస్వాములు వ్యాపార అవసరాలకు” అని ఉంది, ఎన్నాళ్లు ఉంచుకుంటారో లేదు. ఆదివారం మీటింగ్‌లో ఈ ఫారం వెనక్కిచ్చి, అన్ని ఫ్లాట్లదీ కలిపిన గంట లెక్క ఒక్కటే ఇద్దామని అడుగుతా. ఆ లెక్క మన అసోసియేషనే కలిపి ఇవ్వాలి, కంపెనీ చేతికి విడివిడిగా వెళ్లకూడదు.