హ్యాండిల్ అద్దంలో వెనక రోడ్డు కాదు, నా మోచెయ్యే కనబడుతోంది

ప్రశ్న (బెంగళూరు, మారతహళ్ళి నుంచి):
అందరికీ నమస్కారం. ఆఫీసుకి బెళ్ళందూరు వైపు సైకిల్ మీద వెళ్తుంటాను, ఎక్కువ భాగం ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీస్ రోడ్డే. కుడి హ్యాండిల్ చివర రంధ్రంలో దూర్చే గుండ్రటి అద్దం ఆన్‌లైన్‌లో తెప్పించి బిగించాను. స్టాండ్ వేసి చూస్తే భేషుగ్గా ఉంటుంది. ఎక్కి తొక్కితే సగం అద్దంలో మోచెయ్యి, మిగతా సగంలో ఆకాశం! పైగా హంపు దాటిన ప్రతిసారీ తిరిగిపోతుంది. తిన్నటి హ్యాండిల్ ఉన్న మామూలు హైబ్రిడ్ సైకిల్. అద్దం మార్చాలంటారా?

జవాబు (జయనగర నుంచి):
మార్చక్కర్లేదండీ. స్టాండ్ మీద సైకిల్ ఎడమకి ఒరుగుతుంది, హ్యాండిల్ కూడా ఓ పక్కకి తిరుగుతుంది. మీరేమో పక్కన నిలబడి చూస్తున్నారు. అలా పెట్టిన కోణం సీటు మీద కూర్చున్న కంటికి ఎందుకు సరిపోతుంది?

ఇంట్లో ఎవరినైనా ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య నొక్కి పట్టుకోమనండి. ఎవరూ లేకపోతే గోడకి ఎడమ భుజం ఆనించి కూర్చోండి. హెల్మెట్, బ్యాగు, బూట్లు, రోజూ వేసుకునేవన్నీ వేసుకోండి. బ్యాగు బరువుంటే నడుం వంగే తీరే మారిపోతుంది. చేతులు తొక్కేటప్పుడు ఎక్కడుంటాయో అక్కడే పెట్టి, హ్యాండిల్ నిటారుగా ఉంచి అప్పుడు అద్దం ముట్టుకోండి.

మోచెయ్యి నిండిపోతోందంటే అద్దం లోపలికి చూస్తోందన్నమాట. బయటి అంచుని కొంచెం ముందుకి నెట్టండి. లోపలి అంచున చొక్కా చెయ్యి సన్నటి గీతలా మిగలాలి. అది పూర్తిగా పోనివ్వకండి, అద్దం ఎటు చూస్తోందో చెప్పే ఆనవాలు అదొక్కటే. ఆకాశం ఎక్కువగా ఉంటే పై అంచుని మీ వైపు వంచండి. దూరాన రోడ్డు అంతమయ్యే చోటు అద్దం నడిమికి కాస్త పైన ఉంటే చాలు. ఎంత సర్దినా మోచెయ్యి అడ్డొస్తుంటే అద్దాన్ని గ్రిప్ కిందికి వేలాడేలా తిప్పి చూడండి. తొడ కొంచెం కనిపిస్తుంది, ఫర్వాలేదు.

ఇక తిరిగిపోవడం. హ్యాండిల్‌లోకి దూరిన ముక్క తిరుగుతోందా, అద్దం వెనక గుండు కీలు వదులవుతోందా అన్నది ముందు తేల్చాలి. రెండు చోట్లా మార్కర్‌తో అడ్డంగా గీత గీసి ఒకసారి ఆఫీసుకి వెళ్ళి రండి. గీత ఎక్కడ విడిపోతే జబ్బు అక్కడ. దూరిన ముక్కైతే బయటికి లాగి, తుడిచి, పంక్చర్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి చుట్టి, ఎల్ కీతో (ఎల్ ఆకారంలో వంగిన ఆరు పలకల రెంచి) బిగించండి. కీలైతే వెనక చిన్న స్క్రూ ఉంటుంది. అసలు స్క్రూయే లేని ప్లాస్టిక్ కీలైతే మాత్రం మన రోడ్ల మీద నిలవదు, అప్పుడు మార్చెయ్యండి.

జవాబు (వైట్‌ఫీల్డ్ నుంచి):
పైన చెప్పినవి సరే, ఒకటి కలుపుతాను. ఈ గుండ్రటి అద్దాలు చాలావరకు ఉబ్బెత్తువి. ఎక్కువ మేర చూపిస్తాయి గానీ బండి చిన్నగా, ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. చుక్కంత ఉన్న కారు చూస్తుండగానే పెద్దదైతే అది పక్కకి వచ్చేసినట్టే. ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాక చెవిని నమ్ముకునే రోజులు పోయాయి, కాబట్టి అద్దం ఉండాల్సిందే. కానీ కుడికి జరిగే ముందు భుజం మీదుగా ఓ చూపు తప్పదు. నమ్మకం లేకపోతే మీరు కూర్చుని, స్నేహితుణ్ణి వెనక నుంచి మీ కుడి పక్కకి నడిచి రమ్మనండి. అద్దంలోంచి మాయమయ్యాక కూడా కొన్ని అడుగులు మీ పక్కనే ఉంటాడు. స్కూటర్ దూరేదీ అక్కడే.

రోడ్డు మీద అలవాటు చేసుకోవాలంటే ఆదివారం కబ్బన్ పార్కుకి వెళ్ళండి, ఆ రోజు లోపలికి మోటారు బండ్లు రానివ్వరు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. గీత కీలు దగ్గరే విడిపోయింది, స్క్రూ బిగించాను. ఇప్పుడు మోచెయ్యి గీతంతే ఉంది. ఎడమకి కూడా ఒకటి పెట్టనా? టూవీలర్లు అటు నుంచి కూడా దూరిపోతున్నాయి.

జవాబు (జయనగర నుంచి):
మన దేశంలో దాటేవాళ్ళు కుడి నుంచే దాటాలి, అందుకే కుడి అద్దం ముఖ్యం. బెంగళూరు సర్వీస్ రోడ్డుకి ఆ సంగతి తెలియదనుకోండి! పెట్టుకుంటే నష్టం లేదు, కాకపోతే ముందు కుడిదానికి కన్ను అలవాటు పడనివ్వండి. సర్వీస్ రోడ్డులో ఎదురొచ్చే రాంగ్ సైడ్ వాళ్ళకి ఏ అద్దమూ పనిచెయ్యదు, చూపు ఎక్కువసేపు ముందే ఉండాలి. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి: కుడి పక్కన బండ్లు నడిపే దేశాల కోసం చేసినవాటిలో కొన్నింటికి కాడ ఎడమ హ్యాండిల్‌కి తగ్గట్టే వంగి ఉంటుంది. అది మీ ఎడమకి సరిపోతుంది గానీ, కుడికి మార్చాలంటే తలకిందులవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
సరేనండీ. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో సైకిళ్ళన్నీ ఒకదానికొకటి ఆనించి పెడతారు, రోజూ తెల్లారేసరికి అద్దం ఎటో తిరిగి ఉంటోంది.

జవాబు (వైట్‌ఫీల్డ్ నుంచి):
ఆ మార్కర్ గీతలు చెరపకండి. కోణం సరిగ్గా కుదిరాక ఇంకోసారి గీసుకోండి. రాత్రి పెట్టేటప్పుడు అద్దాన్ని లోపలికి మడిచెయ్యండి, పొద్దున గీతలు కలిపి బయల్దేరండి.